వియ్యాలవారింటి సింకు

వళ్ళియమ్మాళ్‌కు నీళ్ళు నిలిస్తే ఊపిరాడదు. ఈ సంగతి ఆమె భర్త చెన్నకేశవన్‌కు పెళ్ళయిన మర్నాడే తెలిసింది. కోయంబత్తూరులో నూలుమిల్లు నడుపుకుంటున్న నాయుళ్ళ ఇల్లది. కొత్తకోడలు పొద్దున్నే స్నానానికి వెళ్ళి ఎంతసేపటికీ బయటికి రాలేదు. అత్తగారు కంగారుపడి తలుపు తట్టింది.

"ఏమీ లేదు అత్తా, నీళ్ళు పోకుండా ఉండాది. చూస్తుండాను" అని లోపలినుంచి జవాబు వచ్చింది.

కాసేపటికి కోడలు చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని తలుపు తీసింది. ఒక చేతిలో వంచిన తలపిన్ను, ఇంకో చేతిలో ఎలుకంత వెంట్రుకల ఉండ. ఆడపడుచుల జడలన్నీ కలిసి ఏళ్ళ తరబడి కూడబెట్టిన ఆస్తి అది. అత్తగారు ఆ ఉండనూ కోడలి ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "కాఫీ తాగుతావా" అని అడిగింది.

వళ్ళియమ్మాళ్ పుట్టిల్లు కారమడై పక్కన ఒక పల్లె. నల్లరేగడి భూములు, మోటారు బావి. చిన్నప్పుడు ఆమెకు అప్పగించిన పని మడవ తిప్పడం. కాలవలో వచ్చే నీళ్ళు ఒక మడి తడపగానే గట్టు తెంచి పక్కమడికి మళ్ళించాలి. ఎక్కడైనా గడ్డిదుబ్బు అడ్డంపడి నీళ్ళు ఆగిపోతే గట్టు పొర్లి పక్కవాళ్ళ చేలో పడతాయి, నాన్న తిట్లు పడతాయి. అందుకని ఆ పిల్ల కాలవ వెంబడి చెవులు రిక్కించుకుని తిరిగేది. నీళ్ళు సాఫీగా పారే చప్పుడు వేరు, లోపల ఎక్కడో ఇరుక్కుని పారే చప్పుడు వేరు. పెళ్ళయి పట్నానికి వచ్చాక పొలం పోయింది, మడవ పోయింది, చెవులు మాత్రం పోలేదు.

మిల్లు పెరిగింది, ఇల్లు పెరిగింది, ఇంట్లో స్నానాలగదులూ పెరిగాయి. పనివాళ్ళకు కొదవలేదు. అయినా ఎక్కడ నీళ్ళు నెమ్మదించినా ఆమే వెళ్ళేది. ఆమె సంచిలో రబ్బరు ప్లంజరు, మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్, స్పానరు, పాత పళ్ళబ్రష్షు, దూది బేళ్ళకు బిగించే ఇనుప పట్టీ ఉండేవి. ఆ పట్టీ అంచుకు ఆమె మిల్లు ఫిట్టరుచేత రంపంలాగా పళ్ళు కోయించింది. దాన్ని గొట్టంలోకి దించి, ఒక మెలిక తిప్పి లాగితే, లోపల ఏదుంటే అది పట్టుకుని వచ్చేది. ప్లంబరు కరుప్పుసామి ఆ ఇంటికి కుళాయిలు మార్చడానికి వస్తాడు. "సాక్కడై, ఈ తూముల పని మాత్రం అమ్మ నాకు వదిలిపెట్టదు" అని అతనికి ఎప్పుడూ ఒక వెలితి.

అడ్డు తీయడం కన్నా అడ్డు పడకుండా చూడడం మీద ఆమెకు ఇంకా పట్టుదల. ఇంట్లో ప్రతి తూముకూ ఒక జల్లెడ ఉండాల్సిందే. నూనె మూకుడును కాగితంతో తుడవకుండా సింకులో పెడితే ఆ పూట ఇంట్లో మాటలుండవు. ఇడ్లీపిండి గిన్నె తొలిచిన నీళ్ళూ, కాఫీ డికాక్షన్ పిప్పీ కరివేపాకు చెట్టుకే పోవాలి. తలంటుకునే ముందు జుట్టు దువ్వుకోవాలి, అయ్యాక తూము దగ్గర చేరిన వెంట్రుకల్నీ, తలకు రుద్దుకున్న అరప్పు పొడి పిప్పినీ చేత్తో ఏరి చెత్తబుట్టలో వేయాలి. వారానికోసారి కిచెన్ గొట్టంలో వేడినీళ్ళు, అదీ మరగకాగినవి కాదు, ప్లాస్టిక్ ఓర్చుకునేంత వేడి. ఎవరైనా సోడా, వెనిగరు పోస్తే సరిపోతుంది కదా అంటే, "వాసనకు అది మంచిది. వెంట్రుకలకు సోడా పోస్తే నైవేద్యం పెట్టినట్లు. ఉండేది ఉన్నట్లే ఉంటాది" అనేది. ఆసిడ్ అన్నా, డబ్బాల్లో వచ్చే పొడులన్నా మాత్రం ఆమెకు ఒళ్ళుమంట. ఒకసారి పనిమనిషి తెలియక ఆసిడ్ గుమ్మరిస్తే నేల రాయి నున్నదనం పోయింది, అడ్డు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమె కూతురు సుగన్యకు ఇదంతా తలవంపులుగా ఉండేది. కాలేజీ స్నేహితురాళ్ళు ఇంటికొస్తే, వజ్రాల దుద్దులు పెట్టుకున్న తల్లి వాళ్ళకు మిఠాయిలు పెట్టి, వెంటనే బాత్‌రూములో నీళ్ళు ఎట్లా పోతున్నాయని అడిగేది. సుగన్యకు మేట్టుపాళయంలో వక్కల వ్యాపారం చేసే కుటుంబంలో సంబంధం కుదిరింది. అల్లుడు శరవణకుమార్ నెమ్మదస్తుడు. అతని తల్లి భువనేశ్వరి అందగత్తె, నిండా మర్యాద తెలిసిన మనిషి. ఈ వయసులో కూడా ఒక్క తెల్లవెంట్రుక లేని తన వాలుజడ గురించి నలుగురూ అడిగితే, "మా పుట్టింటి కొబ్బరినూనె" అని నవ్వేది.

పెళ్ళయ్యాక వియ్యాలవారు మొదటి విందుకు పిలిచారు. సుగన్య ముందురోజే ఫోను చేసింది.

"అమ్మా, ఇక్కడ చేతులు కడుక్కుని వచ్చేయాల. కింద చూడొద్దు."

"నేనెందుకు చూస్తాను అమ్మణీ?"

"చూస్తావు. నాకు మాటియ్యి."

వళ్ళియమ్మాళ్ మాట ఇచ్చింది. మాట నిలబెట్టుకోవాలని నిజంగానే అనుకుంది కూడా. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి మేడమీది బాత్‌రూముకు వెళితే, నీళ్ళు తూము చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఆలోచించుకుని, దిగాయి. ఆమె కళ్ళు మూసుకుని బయటికి వచ్చేసింది. విస్తట్లో ఏం వడ్డించారో, ఏం తిందో ఆమెకు తెలియలేదు. చుట్టాలంతా హాల్లో కూర్చుని తాంబూలాలు వేసుకుంటున్నప్పుడు, చీర మీద పులుసు పడిందని చెప్పి మళ్ళీ మేడెక్కింది.

ఎంతకీ దిగి రాకపోయేసరికి భువనేశ్వరి వెతుక్కుంటూ వెళ్ళింది. వెనకాలే మరికొందరు ఆడవాళ్ళు వెళ్ళారు, భువనేశ్వరి భర్త ముత్తుకృష్ణ కూడా వెళ్ళాడు. బాత్‌రూము తలుపు తీసే ఉంది. కుళాయి మీద బంగారు గాజులు వేలాడుతున్నాయి. వళ్ళియమ్మాళ్ నేలమీద గొంతుక్కూర్చుని, చీరలు తగిలించే తీగ హ్యాంగరు ఒకటి సాగదీసి, తూములోంచి ఒక పొడుగాటి జుట్టుకట్టను తాపీగా బయటికి లాగుతోంది.

"చూడండి సంబందియమ్మా, ఇదిదా అడ్డం" అంది సంతోషంగా తలెత్తి. తరువాత ఆ కట్టను వెలుతురుకు పట్టి చూసి, అంతే సంతోషంగా, "వయసైనవాళ్ళవి. మొదలు తెలుపు, కొన నలుపు. మంచి డై వేసుండారు, ఊడినాక కూడా రంగు పోలేదు" అంది.

బాత్‌రూములో నీళ్ళు చక్కగా దిగిపోతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆడవాళ్ళందరూ భువనేశ్వరి జడకేసి చూసి, చూడనట్టు కళ్ళు తిప్పుకున్నారు. ముత్తుకృష్ణ గోడమీది బల్లిని శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్యా మాటలు బిగుసుకుపోయాయి. పండగలకు పళ్ళబుట్టలు వచ్చేవి, వెళ్ళేవి. భువనేశ్వరి మాత్రం ఫోనుకు రాలేదు. ఆమె ఏ గదిలో ఉన్నా, "అత్త నిద్రపోతుండాది" అని సుగన్యే చెప్పాల్సి వచ్చేది. వళ్ళియమ్మాళ్ బాగా నలిగిపోయింది. తను చేసింది తప్పని ఆమెకు తెలుసు. తీసి ఉండకూడదని కాదు, తీసి నోరు మూసుకుని ఉండాల్సిందని. ఈ తేడాను భర్తకు వివరించబోతే చెన్నకేశవన్ చేతులు జోడించి, "ఆ పేరెత్తొద్దు, అన్నం తింటుండాను" అన్నాడు.

సుగన్యకు ఏడో నెల వచ్చింది. అత్తవారింట్లో వళైకాప్పు చేసి, చేతులనిండా గాజులు తొడిగి పుట్టింటికి పంపడం ఆనవాయితీ. ముహూర్తం పెట్టుకున్నారు. ముందురోజు మధ్యాహ్నం వళ్ళియమ్మాళ్ ఫోను మోగింది. భువనేశ్వరి.

"బాగుండారా?"

"బాగుండాము. మీరు?"

"బాగుండాము" అంది భువనేశ్వరి. "అడుగుదామని చేసినాను. వడలకు మీరు మిరియాలు వేస్తారా?"

"వేస్తాము. కొంచెం."

"ఓ. మేమూ వేస్తాము."

అవతలివైపు వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది. వళ్ళియమ్మాళ్ ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"ఆ గుళుక్ అనేది ఏంది?"

"ఏది?"

"మీ వెనక. కిచెన్ సింకుదా?"

అవతల ఒక పెద్ద నిట్టూర్పు వినబడింది. "ఆమా. నిన్నటినించి అడప్పు, నీళ్ళు పోవడంలేదు. ప్లంబరు మొక్కుండి పళనికి నడిచిపోతుండాడంట. రేపు ఇంటినిండా మనుషులు, వంట సగంలో ఉండాది."

"చేతులు కడిగే బేసిన్?"

"దాంట్లో కూడా పైకొస్తుండాది."

"ఎవురూ ఏమీ పోయొద్దు. వస్తుండాను."

చెన్నకేశవన్ అన్నం ముందు కూర్చున్నాడు. "లేవండి, మేట్టుపాళయం పోవాల" అంది వళ్ళియమ్మాళ్ సంచి భుజాన వేసుకుంటూ. రేపు కదా అనబోయి, ఆమె ముఖం చూసి అతను చెయ్యి కడుక్కున్నాడు. చాలా నెలల తరువాత ఆ ముఖంలో కళ వచ్చింది.

భువనేశ్వరి గుమ్మంలోనే ఎదురొచ్చింది. జడ ముడివేసుకుని, దానిమీద కొంగు కప్పుకుని ఉంది. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోకుండా వంటింట్లోకి నడిచారు. పొయ్యి మీద చింతపండన్నం పులుసు ఉడుకుతోంది. సింకు నిండా బూడిదరంగు నీళ్ళు, పైన తెల్లటి నురగ. వళ్ళియమ్మాళ్ గ్లవ్స్ తొడుక్కోబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏమి పోసినారు?"

"ఏమీ పోయలేదు" అంది భువనేశ్వరి.

వెనక నిలబడ్డ ముత్తుకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "నేనుదా. పొద్దున్నే ఒక డబ్బా పొడి తెచ్చి వేసినాను. సింకులోనూ బేసిన్లోనూ."

డబ్బా తెప్పించి, దానిమీద రాసినది చదివి, వళ్ళియమ్మాళ్ గ్లవ్స్ పక్కన పెట్టేసింది. కిటికీలు తీయించింది. కడుపుతో ఉన్న కూతురిని ముందుగదిలోకి పంపించింది. అల్లుడు శరవణకుమార్ సాయానికి ప్లంజరు పట్టుకుంటే లాక్కుంది.

"ఇప్పుడు కుమ్మితే ఈ నీళ్ళు ముఖాన చింది కళ్ళు పోతాయి. వెనిగరు పోసినా పొంగుతాది. ఏదీ కలపొద్దు. నీళ్ళు మెల్లంగా దిగుతుండాయి, దిగేదాకా కాచుకోవాల."

"ఎంతసేపు?" అని అడిగింది భువనేశ్వరి.

"దిగేదాకా."

కాబట్టి వియ్యపురాళ్ళిద్దరూ వంటింటి గుమ్మం పక్కన రెండు కుర్చీలు వేసుకుని సింకుకు కాపలా కూర్చున్నారు. లేచిపోవడానికి ఎవరికీ వీల్లేదు. నీళ్ళు కాస్త దిగినప్పుడల్లా వళ్ళియమ్మాళ్ గ్లవ్స్ వేసుకుని, పొడుగు కాడ మగ్గుతో అంచు వెంబడి మెల్లగా మంచినీళ్ళు వదిలి పలచన చేసి, మళ్ళీ వచ్చి కూర్చునేది. కాఫీ వచ్చింది. వాన గురించి మాట్లాడుకున్నారు. వక్కల ధర గురించి మాట్లాడుకున్నారు. తరువాత మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు.

"ఆ రోజు నేను ఆ మాట అనుండకూడదు" అంది వళ్ళియమ్మాళ్ చివరికి. "చేతిలో ఏముంటే నోట్లో అది వచ్చేస్తాది నాకు. వెంట్రుకలు చూసినాను, మనిషిని చూడలేదు."

భువనేశ్వరి కాఫీ లోటాను రెండు చేతుల్లో తిప్పింది. "మా అత్తకు చనిపోయేదాకా నల్లటి జుట్టు. నాకు శరవణు పుట్టిన కొత్తలోనే నెరిసింది. ఆమె పక్కన నిలబడితే నేనుదా ఆమెకు అత్త మాదిరి ఉండేదాన్ని. ఏం చేసేది, చెప్పండి."

వళ్ళియమ్మాళ్ నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. భువనేశ్వరి మొదట కోపంగా చూసి, తరువాత తనే ఆ దృశ్యాన్ని ఊహించుకుందో ఏమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ కుర్చీలు కదిలేలా నవ్వారు. నవ్వు తగ్గాక భువనేశ్వరి, "ఇంట్లో ఆయనకు కూడా ఆ రోజుదా తెలిసింది. అప్పటినించి నా తల పక్క చూడడంలేదు వదినా" అంది. పిల్లల పెళ్ళయ్యాక ఆమె వదినా అని పిలవడం అదే మొదలు.

పొద్దు వాలేముందు సింకు అడుగు కనిపించింది. వళ్ళియమ్మాళ్ కళ్ళద్దాలు పెట్టుకుని, గ్లవ్స్ బిగించి, కింద బక్కెట్టు పెట్టి, సింకు కిందనున్న గొట్టం మూత విప్పింది. గడ్డకట్టిన ఇడ్లీపిండి, కాఫీ పిప్పి, కరివేపాకు ఈనెలు వచ్చాయి. అవి మామూలే. కానీ నీళ్ళు ఇంకా సరిగ్గా పోలేదు. వంటింటి సింకూ, గోడకు అవతల భోజనాలగదిలోని బేసినూ పెరట్లో ఒకే గొట్టంలో కలుస్తాయి. ఆమె సంచి తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ముత్తుకృష్ణ పరుగులాంటి నడకతో వెనకాలే వచ్చాడు.

"నేను చూసుకుంటాను, మీకెందుకు శ్రమ. మీరు లోపల కూసోండి."

"నాకేమీ శ్రమ లేదు."

కలిసేచోట మూత విప్పి ఇనుప పట్టీ దించితే, బేసిన్ వైపు గొట్టంలోంచి అరచేతి పొడుగు తెల్లటి ముద్ద ఒకటి వచ్చింది. పైన సబ్బులాగా గట్టిపడింది. పొడికి కొవ్వు తగిలితే అలాగే అవుతుంది. విరిచి చూస్తే లోపల లేత పసుపు, పూసపూసగా ఉంది. కమ్మటి వాసన వచ్చింది. మునగాకు వేసి కాచిన వెన్ననెయ్యి. చేతులు కడుక్కునే బేసిన్లో ఇంత నెయ్యి ఎట్లా చేరుతుంది? వళ్ళియమ్మాళ్ ముద్దనూ ముత్తుకృష్ణనూ చూసింది. అతను పెరటి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"డాక్టరు నెయ్యి ముట్టొద్దన్నాడు. ఆమె వినదు. నెయ్యి లేకుండా అన్నం పెడితే మనిషికి బలం పోతాదని ఏడుస్తాది. రోజూ చిన్న గిన్నెలో కరిగించి ఇస్తాది. నేనే పోసుకుంటానని చెప్పి..." అతను చెయ్యి వంచి చూపించాడు. "రెండేండ్లుగా. అందుకేదా ఆ పొడి వేసింది. ఎవురైనా తెరిచి చూస్తారని భయం."

"చెప్పేయొచ్చు కదా?"

"బాధపడతాది. ఆమె కూడా నాకు చెప్పని సంగతులు ఉండాయి. ఆ జుట్టు రంగు నాకు మొదటినించి తెలుసు. దిండు గలీబుకు అంటుకుంటాది కదా. ఆమెకు తెలీకుండా నేనే నాలుగైదు గలీబులు మార్చినాను. ఇప్పుడు తల పక్క చూస్తే సిగ్గుపడతాదని చూడడంలేదు." మళ్ళీ తలుపు వైపు చూసి, "ఇట్లనే బాగుండాము" అన్నాడు.

అప్పుడు పెరటి తలుపు తీసుకుని భువనేశ్వరి వచ్చింది. "ఏముండింది వదినా లోపల?"

వళ్ళియమ్మాళ్ జీవితంలో ఇంత కష్టం ఎప్పుడూ పడలేదు. చేతిలో ఉన్నది నోట్లోకి వచ్చేస్తోంది. పెదవులు విడిపోయాయి కూడా. ఆమె ముద్దను పాత కాగితంలో చుట్టి, ఆ కాగితాన్ని ఇంకో కాగితంలో చుట్టి, "పిండి" అంది.

"అంతా పిండియేనా?"

"పిండిదా. కొంచెం సబ్బు."

భువనేశ్వరి కాగితం పొట్లాన్నీ వియ్యపురాలి ముఖాన్నీ చూసింది. "సరి, విడుంగ, పోనీండి" అంది. "వచ్చి చేతులు కడుక్కోండి, పులుసు దించేసినాను."

గొట్టం బిగించి గోరువెచ్చటి నీళ్ళు వదిలితే రెండు పక్కలా సాఫీగా, ఆగకుండా పారాయి. వళ్ళియమ్మాళ్ సింకు దగ్గర చెవి పెట్టి, తృప్తిగా వింది.

మర్నాడు వళైకాప్పు ఘనంగా జరిగింది. సుగన్య చేతులు మోచేతుల దాకా గాజులతో నిండిపోయాయి. చుట్టాలందరూ బంతికి కూర్చున్నారు. భువనేశ్వరే స్వయంగా నెయ్యి వడ్డిస్తూ వచ్చింది. చెన్నకేశవన్ వద్దంటున్నా రెండు గరిటెలు పోసింది. పక్కనే కూర్చున్న భర్త విస్తరి దగ్గరికి వచ్చి, గరిట ఎత్తకుండా, తరువాతి విస్తరికి వెళ్ళిపోయింది. ముత్తుకృష్ణ తన ఉత్తి పప్పన్నం కేసి చూసుకుని, తలెత్తి ఎదురు వరసలో ఉన్న వళ్ళియమ్మాళ్‌ను చూశాడు. నేను చెప్పలేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. గట్టిగానే ఊపింది, దుద్దులు కదిలేలా.

భోజనాలయ్యాక వంటింట్లో భువనేశ్వరి ఆమెను పక్కకు పిలిచింది.

"మా ఇంట్లో కాచిన నెయ్యి వాసన నాకు తెలీదా వదినా? పెరటి తలుపు తీసేలోపే వచ్చింది."

"మరి ఏమీ అడగలేదే?"

"మీరు పిండి అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి మీ ముఖం ఎట్లా ఎర్రబడిందో చూసినాను. ఇంకేం అడిగేది?" భువనేశ్వరి మూకుడు ఒకటి తీసి, సింకులో పెట్టబోయి, ఆగి, కాగితం కోసం చుట్టూ చూసింది. "రెండేండ్లు నా నెయ్యి గొట్టానికి పెట్టినాడు. పైకి ఒక్క మాట లేదు."

"కోపంగా ఉండాదా?"

"నిన్న రాత్రి ఉండింది. పొద్దున తల దువ్వుకుంటుంటే వచ్చి, ఈ జడ నీకు బాగుండాది అన్నాడు. పోయింది."

సాయంత్రం కారులో కూతురిని తీసుకుని బయల్దేరారు. కారమడై దాటేదాకా సుగన్య గాజులు సర్దుకుంటూ కూర్చుంది. తరువాత ముందుకు వంగి అడిగింది.

"అత్తా నువ్వూ అంతసేపు లోపల ఏమి మాట్లాడుకున్నారు?"

"సింకు గురించి" అంది వళ్ళియమ్మాళ్.

సుగన్య నమ్మింది. చెన్నకేశవన్ కూడా నమ్మాడు, బంతిలో తిన్న నెయ్యి అరక్క కళ్ళు మూసుకుని పడుకుంటూ.